152 మిల్లీమీటర్ల మెకానమ్ చక్రాల సెట్: చక్రానికి మూడున్నర స్టార్లు, హబ్బుకు ఒకటి

మెకానమ్ అంటే మొహం తిప్పకుండానే బండిని పక్కకీ జరపగల చక్రం. ఈ సెట్ ఏ కంపెనీదని అడక్కండి. ఇదే చక్రం, ఇదే ఫొటో, ఇదే వర్ణన ఆన్‌లైన్‌లో రకరకాల పేర్ల మీద దొరుకుతోంది. పెట్టె మీద అమ్మినవాళ్ళ స్టిక్కర్ ఉంది తప్ప తయారుచేసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు. కాబట్టి పేరు చూసి కాదు, ఆకారం చూసి గుర్తుపట్టండి. 152 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాల వ్యాసం. రెండు పక్కలా అల్యూమినియం ప్లేట్లు. ఆ ప్లేట్ల అంచుల్ని చెవుల్లా వంచి, ఆ చెవుల మధ్య 45 డిగ్రీల ఏటవాలుగా నల్ల రబ్బరు రోలర్లు బిగించి ఉంటారు. సెట్‌కి నాలుగు చక్రాలు: రెండు ఎడమవి, రెండు కుడివి. మా కాలేజీ రోబోటిక్స్ టీమ్ పిల్లలు తెప్పించారు. బిగించడం, విప్పడం, మళ్ళీ బిగించడం నా వంతు.

నేను విజయవాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెషిన్ షాప్ ఇన్‌స్ట్రక్టర్‌ని. ఐటీఐలో టర్నర్ చేశాను. మా టీమ్‌లో లెక్కలు పిల్లలవి, లేత్ నాది. కాబట్టి ఈ రివ్యూలో కోడ్ గురించి పెద్దగా ఉండదు, బోల్టుల గురించి ఎక్కువే ఉంటుంది.

ముందే తేల్చి చెబుతా. చక్రం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. దానితోపాటు పెట్టెలో వచ్చే హబ్, అంటే చక్రాన్ని షాఫ్ట్‌కి బిగించే మధ్య ముక్క, మాత్రం పోటీ బండికి పనికిరాదు. మెకానమ్ చక్రాలు నిలబడవు, రెండు మ్యాచ్‌లకే పోతాయి అని చాలా టీమ్‌లు అంటుంటాయి. నేను విప్పి చూసిన బండ్లలో పోయింది చక్రం కాదు. చక్రానికీ మోటారుకీ మధ్య ఉన్న నాలుగంగుళాల జాగాలో ఏం పెట్టారన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

మేము చేసేది రోబోకాన్ బండి. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: ఏషియా పసిఫిక్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 2002లో మొదలుపెట్టిన పోటీ ఇది. మన దేశం నుంచి ఎవరు వెళ్ళాలో తేల్చే పోటీని దూరదర్శన్ నడుపుతుంది. ఆట ఏటా మారుతుంది. 2022లో అంతర్జాతీయ పోటీ ఢిల్లీలోనే జరిగింది, ఆట లగోరి, మన ఏడు పెంకులాటే. 2025లో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో బాస్కెట్‌బాల్ పెట్టారు. ఆట ఏదైనా కింద బండికి కావలసింది మాత్రం ఒకటే: మొహం తిప్పకుండా పక్కకి జరగాలి, జరుగుతూనే తిరగాలి, ఠక్కున ఆగాలి.

దీనికి మూడు దారులున్నాయి. చుట్టూ అడ్డంగా చిన్న రోలర్లుండే ఆమ్ని చక్రాల్ని మూలల్లో ఏటవాలుగా పెట్టడం, మెకానమ్ పెట్టడం, లేదా ప్రతి చక్రాన్నీ విడిగా తిప్పే స్వెర్వ్ డ్రైవ్ కట్టడం. స్వెర్వ్ చూడ్డానికి మహా గొప్పగా ఉంటుంది. కానీ చక్రానికి రెండేసి మోటార్లు, రెట్టింపు వైరింగ్, రెట్టింపు టెన్షన్. ఆమ్నిలో చక్రాలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఫ్రేమ్ మూలలు కోయాలి, మోటారు బిగింపు కూడా ఏటవాలుగానే చేయాలి. మెకానమ్‌లో నాలుగు చక్రాలూ మామూలు బండికి ఉన్నట్టే నిటారుగా, వరసగా ఉంటాయి. వర్క్‌షాప్‌లో ఉన్న హాక్సా, డ్రిల్లింగ్ మిషన్‌తోనే ఫ్రేమ్ అయిపోతుంది. మాలాంటి కాలేజీకి అదే పెద్ద సుఖం.

ఈ చక్రాన్ని 1970లలో కనిపెట్టింది స్వీడన్ ఇంజనీరు బెంగ్ట్ ఇలోన్. మెకానమ్ అన్నది ఆయన పనిచేసిన కంపెనీ పేరు. 1975లో అమెరికా పేటెంటు వచ్చింది. చక్రం చుట్టూ ఏటవాలు రోలర్లు పెడితే, చక్రం తిరిగినప్పుడు నేల మీద పడే బలం తిన్నగా ముందుకు వెళ్ళదు, రోలర్ ఇరుసు వెంబడి మూలగా వెళుతుంది. నాలుగు చక్రాల మూల బలాల్ని కలిపి, తీసేసి, కావలసిన దిక్కుకు బండిని నెడతాం. కిటుకంతా ఇంతే.

ఇప్పుడు అసలు విషయం. 45 డిగ్రీలు అన్నారంటే ముందుకు ఎంత బలం పడుతుందో పక్కకీ సరిగ్గా అంతే పడుతుంది. మామూలు చక్రం తిన్నగా పోయేటప్పుడు షాఫ్ట్‌ని పక్కకి నెట్టదు, బరువు మాత్రం మోపుతుంది. మెకానమ్ అలా కాదు, బండి తిన్నగా పోతున్నా ప్రతి చక్రం షాఫ్ట్‌ని పక్కకి తోస్తూనే ఉంటుంది. ముందుకు పోయేటప్పుడు ముందు రెండు చక్రాలూ లోపలికి, వెనక రెండూ బయటికి. రివర్స్ కొడితే అంతా తారుమారు. బయటినుంచి చూస్తే బండి ప్రశాంతంగా పోతూ ఉంటుంది, లోపల నాలుగు చక్రాలూ ఫ్రేమ్‌తో కుస్తీ పడుతుంటాయి. ఒకదాని తోపు ఇంకొకదానికి సరిపోతుంది కాబట్టి బండి పక్కకి పోదు, అంతే. ఆ బలమంతా షాఫ్టూ, బేరింగూ, ఫ్రేమే తినాలి.

ఈ సంగతి పట్టించుకోని డిజైనులో చక్రాన్ని నేరుగా మోటారు షాఫ్ట్‌కి తగిలిస్తారు. ఈ సెట్‌తో వచ్చే హబ్ కూడా సరిగ్గా అందుకే చేశారు. ఒక అల్యూమినియం గుండు, దానికి బోరు, అంటే షాఫ్ట్ దూరే కన్నం, పక్కనుంచి రెండు గ్రబ్ స్క్రూలు, అంటే తల లేని చిన్న మరలు. మోటారు షాఫ్ట్‌కి ఒక పక్క చదును ఉంటుంది కదా, ఆ చదును మీద గ్రబ్ స్క్రూ మొన ఆనుతుంది. బొమ్మ కారుకి చాలు. పాతిక కిలోల బండిని పూర్తి వేగంలోంచి ఒక్క దెబ్బకు వెనక్కి లాగితే? మొన ఆనిన చోట షాఫ్ట్ మీద చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో స్క్రూ వెంట్రుకవాసి అటూ ఇటూ ఆడుతుంది. ఆడిన కొద్దీ గుంట పెద్దదవుతుంది. ఒక పక్క చక్రం ఆలస్యంగా కదులుతుంది, బండి వంకరగా బయలుదేరుతుంది, ఇక్కడ కూర్చున్న పిల్లలు ల్యాప్‌టాప్ తెరిచి కోడ్‌లో మోటార్లను సరిదిద్దే పీఐడీ విలువలు మారుస్తుంటారు.

మా డ్రైవర్ అమ్మాయి అదే ఫిర్యాదుతో వచ్చింది. "సార్, స్టార్టింగ్‌లో ఎడమకి కొడుతోంది, కోడ్‌లో ఏం లేదు." బండిని బల్ల మీద పెట్టి, మోటారు తిరక్కుండా పట్టుకుని, చక్రాన్ని చేత్తో అటూ ఇటూ ఊపాను. ముందు ఎడమ చక్రం టక్‌టక్ మంది. హబ్ ఊడదీసి షాఫ్ట్ చూపించాను. చదును మీద వరిగింజంత గాటు, దాని చుట్టూ బూడిదరంగు పొడి. అల్యూమినియం హబ్ బోరు కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసింది. పీఐడీతో దాన్ని ఎవరు సరిచేస్తారు?

చక్రాన్నీ డయల్ గేజ్ కింద, అంటే వంకరను ముల్లుతో చూపే కొలత పరికరం కింద, పెట్టి చూశాను. నిటారు షాఫ్ట్ మీద బిగించి నెమ్మదిగా తిప్పితే ముల్లు అర మిల్లీమీటరు దాకా ఊగింది. ప్లేట్లు లేజర్ కటింగ్‌లో బాగానే వచ్చాయి, రోలర్ల కేంద్రాలూ సరిగ్గానే ఉన్నాయి. తేడా అంతా హబ్ బోరులోనే. అంటే హబ్ మార్చేస్తే రెండు జబ్బులూ ఒకేసారి పోతాయి.

హబ్బుల కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్ళాం. కాలేజీ లేత్ మీద హబ్ నేనే తిప్పగలను గానీ, బోరులో కీవే, అంటే హబ్‌నీ షాఫ్ట్‌నీ కలిపి తిప్పే కీ అనే ఉక్కు ముక్క కూర్చునే గాడి, కొట్టాలంటే స్లాటింగ్ మిషన్ కావాలి, అది మా దగ్గర లేదు. అక్కడ నాకు పరిచయమున్న పెద్దాయన ఒకరు లారీ భాగాలు తిప్పుతారు. చక్రం చేతిలోకి తీసుకుని రోలర్లన్నీ బొటనవేలితో తిప్పి చూశారు. "ఇదేంటి మాస్టారూ, చక్రానికి చక్రాలు?" అన్నారు. పిల్లలు పరుగుపరుగున మొబైల్‌లో వీడియో చూపించారు. పూర్తిగా చూసి, "పక్కకి నెట్టుద్ది కదా, థ్రస్ట్ ఎవడు తింటాడు?" అని అడిగారు. థ్రస్ట్ అంటే ఆ పక్క తోపే. పుస్తకంలో రెండు పేజీలు చదివితే గానీ పిల్లలకు తట్టని ప్రశ్న ఆయనకు ఒక్క వీడియోకే తట్టింది.

హబ్ అల్యూమినియంలోనే చేద్దాం, బరువు తగ్గుతుందని పిల్లలు పట్టుబట్టారు. ఆయన ఒప్పుకోలేదు. "అల్యూమినియంలో కీవే కొడితే నెల తిరక్కముందే నోరు తెరుస్తుంది. ఈఎన్8 వెయ్యండి, అక్కర్లేని చోట లోపల గుల్ల చేసేద్దాం" అన్నారు. అలాగే చేశాం. ఈఎన్8 ఉక్కు హబ్, 12 మిల్లీమీటర్ల బోరు, 4 మిల్లీమీటర్ల కీ. అంచు ఫ్లాంజ్‌కి చక్రం ప్లేట్‌లో ముందే ఉన్న కన్నాలకు సరిపోయేలా బోల్టు కన్నాలు. ఫ్లాంజ్ మధ్యలో చిన్న మెట్టు తిప్పించాం, చక్రం ప్లేట్ మధ్య కన్నం ఆ మెట్టు మీద బిగుతుగా కూర్చుంటుంది. బోల్టులు చక్రాన్ని పట్టుకుంటాయి, మెట్టు కేంద్రాన్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత డయల్ పెడితే ముల్లు కదిలీ కదలనట్టు ఉంది. కేంద్రం కోసం బోల్టుల్ని నమ్ముకోకూడదని టర్నింగ్ నేర్చుకున్న ప్రతివాడికీ తెలుసు. ఆన్‌లైన్ హబ్ చేసినవాళ్ళకీ తెలిసే ఉంటుంది, ఖర్చు మిగుల్చుకున్నారు.

తర్వాత బేరింగులు. గేర్‌బాక్స్ లోపలి చిన్న బేరింగు పని గేరు పళ్ళను వరసలో ఉంచడం. బండిని మోయడం, థ్రస్ట్ తినడం దాని పని కాదు. అందుకని చక్రాన్ని మోటారు నుంచి పూర్తిగా విడదీశాం. చక్రం ఫ్రేమ్‌కున్న రెండు ప్లేట్ల మధ్య కూర్చుంటుంది, చెరో ప్లేట్‌లో ఒక 6001 బేరింగ్. లోపలి వ్యాసం 12, బయటి వ్యాసం 28, మందం 8 మిల్లీమీటర్లు. ఆటోనగర్‌లో ఏ బేరింగ్ షాపులో అడిగినా నంబరు చెప్పగానే తీసిస్తారు. రబ్బరు సీలున్నదే తీసుకోండి, వర్క్‌షాప్ దుమ్ముకు అదే ఆగుతుంది. లోపలి పక్క బేరింగ్‌ని షాఫ్ట్ మెట్టుకీ, షాఫ్ట్ గాడిలో కూర్చునే సర్‌క్లిప్ రింగుకీ మధ్య కదలకుండా బంధించాం, థ్రస్టంతా అదే తింటుంది. బయటి పక్క బేరింగ్‌ని షాఫ్ట్ మీద స్వేచ్ఛగా జరగనిచ్చాం. రెండూ బంధిస్తే, ప్లేట్లు వెంట్రుకవాసి వంకరున్నా బేరింగులు ఒకదాన్నొకటి నలుపుకుంటాయి.

షాఫ్ట్ లోపలి చివర నుంచి మోటారుకి లవ్‌జాయ్ కప్లింగ్, అంటే రెండు షాఫ్టుల్ని కలిపే జోడు. మధ్యలో రబ్బరు స్పైడర్ ఉంటుంది కదా, రివర్స్ కొట్టినప్పుడు దెబ్బంతా అది తీసుకుంటుంది. మోటారుకి చేరేది తిప్పే బలం మాత్రమే, బరువూ తోపూ కాదు. ఈ మార్పు తర్వాత గేర్‌బాక్స్ చప్పుడే మారిపోయింది. ముందు కాఫీ గింజలు పట్టినట్టు గరగరలాడేది, ఇప్పుడు ఒకే సన్నటి రొద. స్పైడర్ అరిగితే కప్లింగ్ దగ్గర టకటక వినిపిస్తుంది, మార్చేయడమే. చౌక సరుకు, జేబులో రెండు వేసుకుని పోటీకి వెళ్ళొచ్చు.

ఇక నాలుగు చక్రాలూ నేలకు ఆనడం. మామూలు బండికి ఒక చక్రం కాస్త లేచినా ఎలాగో పోతుంది. మెకానమ్‌కి ఒక చక్రం గాలిలో ఉందంటే లెక్కలో ఒక అంకె ఎగిరిపోయినట్టే, పక్కకి జరగమంటే మూలకి పోతుంది. ముక్కాలిపీట ఏ నేల మీదైనా కుదురుగా కూర్చుంటుంది, నాలుగు కాళ్ళ బల్లకే అడుగున మడిచిన కాగితం కావాలి. పోటీ అరీనాలో పలకలు అతికిన చోట చిన్న మెట్లు తప్పవు. అక్కడ కాగితం పెట్టలేం కాబట్టి, ముందు రెండు చక్రాలున్న అడ్డ బీమును ఫ్రేమ్‌కి మధ్యలో ఒకే ఒక్క పిన్ను మీద వేలాడదీశాం. ఇత్తడి బుష్, 12 మిల్లీమీటర్ల పిన్ను. బీము రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ ఊగి రెండు రబ్బరు స్టాపర్ల దగ్గర ఆగుతుంది. స్ప్రింగులు లేవు, డ్యాంపర్లు లేవు. ఈ బండిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఖర్చు దాదాపు ఏమీ లేదు, ఫలితం మాత్రం జాయ్‌స్టిక్ పట్టుకున్న మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

ఆ పని అయ్యాక కూడా బండి పక్కకి జరిగేటప్పుడు కొద్దిగా మొహం తిప్పేది. నాలుగు చక్రాల కిందా నాలుగు వేయింగ్ మిషన్లు పెట్టించాను. వెనక కుడి మూల మీద మిగతావాటికంటే ఎక్కువ బరువు పడుతోంది. బ్యాటరీ అక్కడే ఉంది మరి. బ్యాటరీని మధ్యకి జరిపితే తిప్పడం చాలావరకు పోయింది. మిగిలింది పిల్లలు, బండి ఎంత తిరిగిందో చెప్పే జైరో సెన్సర్‌తో కోడ్‌లో సరిచేశారు. నా మాట ఏంటంటే, కోడ్ ముట్టుకునే ముందు తూకం వేయండి. హాస్టల్లో బరువు చూసుకునే మిషన్ ఒక్కటున్నా చాలు, మిగతా మూడు చక్రాల కింద అదే ఎత్తు చెక్కలు పెట్టి ఒక్కో మూలా చూసుకోవచ్చు.

ఫ్రేమ్ గురించి ఒక్క మాట. బండి కుడికి జరిగేటప్పుడు ఎడమ పక్క రెండు చక్రాలూ ఒకదానికొకటి దూరంగా లాగుతాయి, కుడి పక్కవి దగ్గరికి తోస్తాయి. ఎడమకి జరిగితే ఉల్టా. అంటే ఫ్రేమ్‌ని ప్రతి మ్యాచ్‌లో ఇటు సాగదీసి అటు నొక్కుతుంటారన్నమాట. మూలల్లో ఒక్కో రివెట్‌తో సరిపెట్టిన అల్యూమినియం సెక్షన్లు ఇందుకే వదులవుతాయి. మూల మూలకీ త్రికోణం ప్లేటు వేసి మూడు బోల్టులు కొట్టండి. అల్యూమినియం వెల్డింగ్ జోలికి పోవద్దు, చేయి తిరిగిన టిగ్ వెల్డరు దొరికితే తప్ప.

ఇక రోలర్లు. చక్రానికి మూడున్నర స్టార్లు ఇచ్చానన్నాను కదా, ఆ మూడున్నరా వీటివల్లే, పోయిన ఒకటిన్నరా వీటివల్లే.

ఒక రోలర్ ఊడదీస్తే లోపల ఉండేది ఇంతే: ఒక పొడుగాటి ఎం4 బోల్టు, దాని మీద సన్నటి బుష్, బుష్ మీద రబ్బరు పోసిన గుండు, రెండు చివరలా వాషర్లు, చివర నైలాక్ నట్, అంటే వదులవకుండా లోపల నైలాన్ రింగున్న నట్టు. బేరింగులు లేవు, ఈ ధరకు ఉండవు కూడా. రబ్బరు మాత్రం మంచిది. పెయింట్ వేసిన పలకల మీద పట్టు బాగుంది, ఆకారం పీపాలా సరిగ్గా ఉండటంతో చక్రం తిరుగుతున్నప్పుడు ఒక రోలర్ నుంచి ఇంకో రోలర్‌కి మారే కుదుపు తక్కువ.

చిక్కు ఎక్కడంటే బిగింపులో. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోలర్లలో కొన్ని బొటనవేలితో తిప్పితే గిరగిరా తిరిగాయి, కొన్ని పట్టేసినట్టు ఉన్నాయి. నట్టు ఎక్కువ బిగిస్తే ప్లేటు చెవులు లోపలికి వంగి రోలర్‌ని నొక్కుతాయి. పట్టేసిన రోలర్ దొర్లదు, నేల మీద ఈడ్చుకుపోతుంది. ఈడ్చుకుపోయిన చోట రబ్బరు చదునుగా అరుగుతుంది. అందుకని కొత్త సెట్ రాగానే ప్రతి రోలర్నీ తిప్పి చూడండి. పట్టేసినదాని నట్టు వదులు చేసి, రోలర్‌కీ చెవికీ మధ్య పోస్టుకార్డు మందం సందు ఉండేలా పెట్టండి. చేతికి వేలిముద్రలు పోయేంత పని, కానీ చక్రం ఆయుష్షు ఇక్కడే ఉంది. మా పిల్లలు సినిమా పాటలు పెట్టుకుని ఒక సాయంత్రం కానిచ్చేశారు.

రోలర్లలోకి దారప్పోగులు, వెంట్రుకలు చుట్టుకుంటాయి. ల్యాబ్ ఊడ్చినా సరే. ఒక రోలర్ చివర వాషర్ వెనక నుంచి పట్టకారుతో లాగితే నల్లటి నూలు ఉండలా వచ్చింది, అందులో కాలేజీ ట్యాగ్ తాడు పోగులు ఆ రంగుతోనే గుర్తుపట్టేలా ఉన్నాయి. వారానికోసారి చూసుకోవాలి. గ్రీజు పెట్టకండి, దుమ్మునంతా పిలిచి కూర్చోబెడుతుంది. నూనె కూడా రబ్బరుకి తగలనివ్వద్దు, ఉబ్బుతుంది. బుష్‌కి కాస్త గ్రాఫైట్ పొడి చాలు.

హబ్ బోల్టులకు లాక్‌టైట్ 243, మరలు వదులవకుండా పట్టే జిగురు, నీలం రంగుది, ఒక్కో చుక్క. వేసి వెంటనే నడపకండి, పూర్తి పట్టు రావడానికి 24 గంటలు పడుతుంది. పోటీ రోజు పొద్దున పూసి మధ్యాహ్నం మ్యాచ్ ఆడితే పూర్తి పట్టు అందదు. రోలర్ బోల్టులకు మాత్రం అది వద్దు. అక్కడ నైలాక్ ఉంది, పైగా లాక్‌టైట్ జారి బుష్‌లోకి వెళితే రోలర్ శాశ్వతంగా పట్టేస్తుంది.

ప్రాక్టీసు ఎక్కడ చేస్తున్నారన్నది కూడా చూసుకోండి. వర్క్‌షాప్ సిమెంటు నేల ఆకురాయిలా రబ్బరును తినేస్తుంది. మేము నాలుగు ప్లైవుడ్ షీట్లు పరిచి, పెయింట్ వేసి, దాని మీదే నడిపిస్తున్నాం. ఈ చక్రంలో ప్లేట్ల చెవులు రోలర్ చివరలకంటే కొద్దిగానే లోపలికి ఉంటాయి, కాబట్టి రబ్బరు అరిగిన కొద్దీ ప్లేటు అంచు నేలకు దగ్గరవుతుంది. వాలు ఎక్కేటప్పుడు, పలక అంచు దాటేటప్పుడు ఆ అంచే ముందు తగులుతుంది. ర్యాంపులున్న ఆట అయితే ఈ రకం తీసుకోవద్దు. రోలర్‌ని రెండు ముక్కలు చేసి మధ్యలో ఇరుసును పట్టుకునే రకం ఉంటుంది, అందులో బయటి అంచున లోహం ఉండదు. ధర ఎక్కువే, అయినా ర్యాంపు ఆటకు అదే కొనాలి.

బిగించేటప్పుడు ఎడమ కుడి చూసుకోమని వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే సెట్‌లో వచ్చిన కాగితంలో బొమ్మ లేదు, చక్రాల మీద గుర్తూ లేదు. బండిని పైనుంచి చూస్తే నాలుగు చక్రాల పై రోలర్లూ కలిసి ఇంటూ గుర్తులా కనిపించాలి. వజ్రం ఆకారంలో కనిపిస్తే బండి ముందుకీ పక్కకీ బాగానే పోతుంది గానీ, ఉన్నచోట గిర్రున తిరగమంటే మూలుగుతుంది. అప్పుడు రోలర్ల బలాలు బండి కేంద్రం మీదుగా పోతాయి, తిప్పడానికి చెయ్యి అందదు. చక్రాల మీద పెయింట్ మార్కర్‌తో ఎల్, ఆర్ రాసుకోండి, రాత్రి రెండింటికి పిట్‌లో కూర్చుని ఆలోచించే పరిస్థితి రాదు.

ఇంకోటి: బండి ఎంత దూరం పోయిందో ఈ చక్రాల ఎన్‌కోడర్లతో, అంటే చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే సెన్సర్లతో, కొలవకండి. మెకానమ్‌లో జారడం సహజం, పక్కకి పోయేటప్పుడు మరీను. మా పిల్లలు కింద చిన్న ఆమ్ని చక్రాలు మూడు, మోటారు లేనివి, స్ప్రింగుతో నేలకు ఆనేలా పెట్టి వాటితో కొలుస్తున్నారు. నిఖార్సుగా వస్తోంది.

డబ్బు సంగతి. నాలుగు చక్రాల సెట్ ఇరవై వేలకు కాస్త అటూ ఇటూగా పడింది. హబ్బులు, షాఫ్టులు, కీవేలు, బేరింగులు, కప్లింగులు కలిపితే దానికి సగం దాకా అదనం. ఆ అదనం చూసి పిల్లల ట్రెజరర్ మొహం చిన్నబోయింది. "సార్, హబ్ ఫ్రీగా వచ్చింది కదా" అన్నాడు. ఆ ఫ్రీ హబ్ ఇప్పుడు నా బల్ల మీద పేపర్‌వెయిట్.

అమ్మకం తర్వాత సేవకు నేనైతే స్టార్ ఇవ్వను. సరుకు చెప్పిన సమయానికే వచ్చింది, ప్యాకింగ్ బాగుంది. కానీ విడి రోలర్లు కావాలని రాస్తే, సెట్ మొత్తం తప్ప విడిగా అమ్మం అని జవాబు. రోలర్ అరిగే వస్తువు, అది విడిగా దొరక్కపోతే ఎలా? చివరికి ఇంకో కాలేజీ టీమ్‌తో కలిసి సగం సగం వేసుకుని ఒక సెట్ అదనంగా కొన్నాం. అందులోని చక్రాలు విప్పి రోలర్లు పంచుకున్నాం. మీరు కొనేముందు అమ్మేవాళ్ళను మొదట అడగాల్సింది డిస్కౌంట్ కాదు, విడి రోలర్ ఇస్తారా లేదా అని. ఇస్తామనేవాళ్ళు ఐదొందలు ఎక్కువ చెప్పినా వాళ్ళ దగ్గరే తీసుకోండి.

ఎవరికి ఈ సెట్? ఇరవై నుంచి ముప్ఫై కిలోల బండి, చదును నేల, దగ్గర్లో లేత్ ఉన్నవాళ్ళు నిశ్చింతగా కొనొచ్చు. స్కూలు పిల్లల చిన్న పోటీలకు ఇది పెద్దది, బరువు కూడా. వాళ్ళకు వంద మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ చక్రాలు చాలు, అక్కడ హబ్ బాధ కూడా ఇంత ఉండదు. లేత్ అందుబాటులో లేని టీమ్ అయితే, షాఫ్ట్‌ని చుట్టూ బిగించి పట్టే క్లాంప్ హబ్ విడిగా కొనుక్కోండి, గ్రబ్ స్క్రూకంటే ఎంతో నయం. బేరింగ్ ప్లేట్లకు బదులు 12 మిల్లీమీటర్ల బోరున్న కేపీ001 పిల్లో బ్లాకులు, అంటే బేరింగ్ లోపలే ఉన్న దిమ్మలు, రెడీమేడ్‌గా దొరుకుతాయి, రెండు బోల్టులతో ఫ్రేమ్‌కి బిగించేయొచ్చు. అందులో షాఫ్ట్‌ని పట్టేది మళ్ళీ గ్రబ్ స్క్రూలే కాబట్టి థ్రస్ట్ కోసం షాఫ్ట్ మీద కాలర్ రింగు వేయడం మానకండి.